రాజవ్వ బిళ్ల

సత్తవ్వ తన సవతిని ఒక్కనాడూ చూడలేదు. చూడని ఆ మనిషిని నలభై ఏళ్లకు పైబడి మెడలో వేసుకుని తిరిగింది.

మొదటి భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, పోయినామె పేరిట ఒక వెండి బిళ్ల కొట్టించి, కొత్త పెళ్లికూతురి మెడలో పుస్తెలతో పాటు కట్టడం కరీంనగర్ వైపు ఇళ్లలో ఆనవాయితీ. చొప్పదండి దగ్గరి పల్లెలో పుట్టిన సత్తవ్వకు బొగ్గుగనిలో పనిచేసే సారయ్యతో పెళ్లయిన రోజున ఆ బిళ్ల కట్టారు. పీటల మీద నుంచి లేవకముందే ఆమె ఒడిలో ఒక పసివాణ్ని కూడా కూచోబెట్టారు. వాడు పోయిన రాజవ్వ కొడుకు, ప్రేమ్‌సాగర్. అప్పటికి వాడికి పళ్లు కూడా సరిగా రాలేదు.

"మొగడు, కొడుకు, సవితి. ముగ్గురు ఒక్క లగ్గానికే దొరికిండ్రు. అగ్గువకు వడ్డది పిల్లకు" అని పెళ్లికొచ్చిన ఆడవాళ్లు నవ్వారు.

అప్పగింతలప్పుడు తల్లి ఆమెను పక్కకు తీసుకుపోయి చెప్పిన మాటలు ఏడుపు మాటలు కావు, జాగ్రత్త మాటలు. "తినేటిది ముందుగాల ఆమెకు జూపి తిను. కట్టేటిది ఆమెకు తాకిచ్చి కట్టు. ఆమె పెద్దది, నువ్వు చిన్నదానివి. మర్సిపోయినవనుకో, కలలకొచ్చి గుండెల మీద కూసుంటది."

అలా మొదలైంది. మొదట భయం. అన్నం కలిపి, ఎడమచేత్తో బిళ్లను తాకి, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకునేది. కొత్త చీర మడత విప్పకుండా బిళ్లకు ఆనించేది. కొన్నాళ్లకు భయం పోయి అలవాటు మిగిలింది. ఇంకొన్నాళ్లకు అలవాటు స్నేహమైంది. గని కాలనీలో అందరూ కొత్తవాళ్లే. ఎవరి ఊరు వాళ్లది, ఎవరి యాస వాళ్లది. ఆ తొలి ఏళ్లలో సత్తవ్వ మనసు విప్పి మాట్లాడిన మనిషి ఎవరైనా ఉంటే అది మెడలో ఉన్న రాజవ్వే. "అక్కా, నీ మొగడు ఇయ్యాల మల్ల తాగొచ్చిండు. నీకు చెప్పిండా, నాకైతే చెప్పలే" అని పొయ్యి దగ్గర గొణుక్కునేది.

బిళ్ల మీద ఒక ఆడమనిషి బాసిపట్లు వేసి కూర్చుని ఉంటుంది. తల మీదుగా కొంగు, గుండ్రటి ముఖం, కోటేరులాంటి ముక్కు. ఒకనాడు సారయ్య తాగి వచ్చి, ఆ బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుని దీపం వైపు తిప్పి చూసి నవ్వాడు. "దీని మొకం గిట్ల లేకుండె. పొడుగు మొకం దానిది. అవుసలాయన తాన ఒక్కటే అచ్చున్నది. సచ్చినోళ్లందరికి గదే మొకం గొట్టి ఇస్తడు." ఆ మాట తర్వాత అతను నిద్రపోయాడు. సత్తవ్వకు నిద్ర పట్టలేదు. కంసాలి అచ్చు సంగతి ఆమె ఆనాటి నుంచి ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా పిల్లవాడికి చెప్పలేదు. రాజవ్వ ఫోటో ఒక్కటీ లేదు. వాడు అన్నం తింటూ కన్నతల్లి గురించి "మా అవ్వ ఎట్లుండె?" అని అడిగినప్పుడల్లా మెడలోని బిళ్ల ఎత్తి చూపించేది. "ఇగో, గిట్లుండె. నోరు తెరువు." ఒక ముద్దకు ఒక అబద్ధం. పిల్లవాడు కడుపు నిండా తినేవాడు.

ఇంకో సంగతి కూడా ఆమెకు ఒక్కదానికే తెలుసు. పళ్లొచ్చే రోజుల్లో వాడు ఆమె ఒడిలో కూర్చుని ఏది దొరికితే అది కొరికేవాడు. చీర కొంగు, గాజులు, చివరికి ఆ బిళ్ల. పలచటి వెండి. కింది అంచున బియ్యపు గింజలంత నొక్కులు రెండు పడ్డాయి. "అరే, అవ్వను కొరుకుతార్రా ఎవలన్న?" అని లాక్కుంది కానీ, ఆ నొక్కుల మీద బొటనవేలు ఆనించుకోవడం ఆమెకు ఆ రోజు నుంచే అలవాటైంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె ఒంటికి రాసుకుని రాసుకుని బిళ్ల మీది ముక్కు అరిగిపోయింది, కళ్లు మాసిపోయాయి. నొక్కులు మాత్రం అలాగే ఉన్నాయి.

వాడు మొదట్లో సత్తవ్వను "అవ్వా" అనే పిలిచాడు. బడి సెలవులకు రాజవ్వ వైపు మేనమామ ఇంటికి పోయి తిరిగొచ్చినప్పుడు వాకిట్లో నిలబడి "చిన్నవ్వా, ఆకలైతుంది" అన్నాడు. అక్కడెవరో నేర్పి పంపారు. అవ్వ బిళ్లలో ఉంది, బిళ్ల వేసుకున్నది చిన్నవ్వ. సత్తవ్వ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి "ఊఁ, కాళ్లు కడుక్కో" అంది. అంతే.

ఆమెకు కడుపు పండలేదు. రాజవ్వ పండనియ్యడం లేదని కాలనీ ఆడవాళ్లు అనేవారు. "నిజమేనా అక్కా?" అని ఒకే ఒక్కసారి బిళ్లను అడిగింది. అడిగినందుకు తనే సిగ్గుపడి, ఇంత కుంకుమ పెట్టి లెంపలు వేసుకుంది.

సారయ్యకు ఊపిరి ఆడని జబ్బు వచ్చి గనిలోకి పనికిరాడని తేల్చినప్పుడు ఆ కొలువు కొడుక్కి వచ్చింది. కొడుక్కి ఉమారాణితో పెళ్లయింది. తర్వాత సారయ్య పోయాడు. పుస్తెలు తీయించిన రోజున, మైలకు తీసి దేవుని గూట్లో పెట్టిన బిళ్లను సత్తవ్వ చేతిలోకి తీసుకోబోతే పెద్దలు అడ్డం చెప్పారు. మొగుడే పోయాక సవతి బిళ్ల ఎందుకన్నారు. సత్తవ్వ ఆ రోజు మొదటిసారి పెద్దల ముందు నోరు తెరిచింది. "పుస్తె ఆయనది. తీస్కోండ్రి. గిది అక్కది. ఆయన వోతె అక్క వోతదా?" నల్లదారానికి గుచ్చుకుని మెడలో వేసుకుంది. బోసి మెడలో అదొక్కటే మిగిలింది.

* * *

మొన్న ఎండాకాలంలో పుట్టింటి ఊళ్లో సత్తవ్వ అన్న పోయాడు. ఇంటిల్లిపాదీ తాళం వేసి బయల్దేరారు. చావు ఇంటికి ఆ బిళ్ల వేసుకుపోకూడదు. ముత్తయిదువగా పోయిన మనిషి పేరంటాలితో సమానం, మైల తగలనియ్యరు. ఎప్పటిలాగే సత్తవ్వ దాన్ని తీసి, ఇత్తడి తాంబాలంలో పెట్టి, కుంకుమ అద్ది, "అన్న సావుకు వోతున్న అక్కా, ఇల్లు జూస్కో" అని చెప్పి గూటి తలుపు దగ్గరేసింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి తాళం కప్ప విరిగి గొళ్లానికి వేలాడుతోంది. బీరువా నోరు తెరుచుకుని ఉంది. బియ్యం డ్రమ్ము బోర్లించారు. ఉమారాణి బట్టల కుప్ప మీద కూలబడి "నా హారం, నా గాజులు" అని ఏడుస్తోంది. ప్రేమ్‌సాగర్ నేరుగా దేవుని గూటి దగ్గరికి నడిచాడు. తాంబాలం లేదు. కుంకుమ నేల మీద ఒలికి ఉంది.

"అవ్వేది?"

సత్తవ్వ ఒలికిన కుంకుమ వైపు చూసింది.

"చిన్నవ్వా, నిన్నే. అవ్వేది?"

"సావింటికి ఏసుకపోవద్దు గదా బిడ్డా. తీసి గూట్లె వెట్టిన."

"నలభై ఏండ్లల ఎన్నడన్న తీసినవా? గీ ఒక్కనాడే తీసుడైందా నీకు?"

ఎన్నడూ తీయలేదని అతనికి ఎవరు చెప్పారు? ఏ చావుకు పోయినా తీసిపెట్టే పోయింది. తిరిగొచ్చి, తలస్నానం చేసి వేసుకుంది. అదే ఇంట్లో, అతని కళ్ల ముందే. అతను ఎప్పుడూ బిళ్లనే చూశాడు కానీ మెడను చూడలేదు. ఆ మాట ఆమె అనలేదు. అన్న పోయిన దుఃఖం ఇంకా గొంతులోనే ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఆ తర్వాత సందు దొరకలేదు.

పోలీసులకు చెప్పారు. రాసుకున్న జవాను "బంగారం సంగతి చెప్పు. చిల్లర వెండి ఏం దొరుకుతది" అన్నాడు. ఆ మాట ప్రేమ్‌సాగర్‌కు మండింది. "చిల్లర వెండా? మా అవ్వది! నలుగురిల వెడత, ఎట్ల దొరకదో జూస్త" అని గోపాల్‌ను పిలుచుకొచ్చాడు.

గోపాల్ సెల్ ఫోన్‌లో వార్తలు చెబుతాడు. పక్క వీధిలో మోరీ పొంగినా, ఎవరి బర్రె తప్పిపోయినా అతని వార్తలోకి రావలసిందే. కాలనీ అంతా చూస్తుంది. కర్ర మీద ఫోను బిగించి, వాకిట్లో ప్రేమ్‌సాగర్‌ను ముందు, సత్తవ్వను వెనక నిలబెట్టాడు. గోడ అవతలి నుంచి జానకీబాయి తొంగి చూస్తోంది. ఆదిలాబాద్ నుంచి వచ్చి ఈ కాలనీలో ముసలిదైన మనిషి, సత్తవ్వకు ఉన్న ఒకే ఒక్క నేస్తం.

ప్రేమ్‌సాగర్ బాగా మాట్లాడాడు. అతను అలా ఏడవడం సత్తవ్వ అతని చిన్నప్పుడు చూసిందే, మళ్లీ ఇప్పుడే. "అన్నా, నువ్వెవలో గని, బంగారం నువ్వే ఉంచుకో. కేసు గూడ వాపసు తీస్కుంట. మా అవ్వను మాత్రం ఇయ్యి. నాకు ఆమె ఫోటో గూడ లేదు. గామె మొకం నేను జూసింది గా బిళ్ల మీదనే. ఎవలకన్న దొరికితె, ఎవలన్న అమ్మజూపితె, దండం వెడత, చెప్పుండ్రి."

గోపాల్ ఫోను సత్తవ్వ వైపు తిప్పాడు. "అవ్వా, నువ్వు మెడల ఏసుకున్నదానివి. ఏమన్న గుర్తున్నదా దానికి? చెప్పు, అందరు జూస్తుండ్రు."

"ఉన్నది బిడ్డా. కింద అంచుకు..."

"గుర్తెందుకన్నా?" ప్రేమ్‌సాగర్ అడ్డం వచ్చాడు. "మా అవ్వ మొకమే గుర్తు. ఒక్కసారి జూస్తె ఎవలైన గుర్తువడతరు. సక్కని మొకం. గది చాలు."

"అట్లనే, అట్లనే. మంచిగొచ్చింది" అని గోపాల్ ఫోను ఆపేశాడు. ఉమారాణి అత్త చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "అత్తమ్మా, ఆయన మాట్లాడేటప్పుడు నడుమల రాకు."

ఆ వీడియో మంచిర్యాల దాకా, కరీంనగర్ దాకా పాకింది. ఆటోకు మైకు కట్టి రెండు రోజులు తిప్పారు. బస్టాండులో, వెండి దుకాణాల గోడల మీద కాయితాలు అంటించారు. ఎవరెవరో ఫోన్లు చేశారు, అయ్యో పాపం అన్నారు. కింద మాటలు కూడా రాశారు. జానకీబాయి మనవరాలి ఫోను తెచ్చి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చదివి వినిపించింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఆగినవేంది బాయీ? చదువు."

"అగ, ఒద్దులే సత్తక్కా. పనీపాటా లేనోళ్లు."

"చదువంటున్న గదా."

జానకీబాయి గొంతు తగ్గించింది. "'ముసల్ది సవితిని అమ్ముకుని దొంగల మీద వెట్టింది' అని రాసిండు ఒకడు. 'రెండో పెండ్లాం కోరిక ఇన్నేండ్లకు తీరింది' అంటుండు ఇంకొకడు. నవ్వే బొమ్మలు వెట్టిండ్రు దాని కింద, మస్తు మంది." ఫోను ఒడిలో బోర్లించింది. "వీళ్ల నోట్ల మన్నువడ. వీళ్లకు ఎరికనా నీ సంగతి?"

"ఎరికున్నోళ్లు గూడ చదువుతరు గదా బాయీ" అంది సత్తవ్వ.

ఎరికున్నవాడు చదివాడు. ఆ సాయంత్రం నుంచి ప్రేమ్‌సాగర్ ఆమె ముఖంలోకి చూసి మాట్లాడటం తగ్గించాడు. కూర గిన్నె కావాలంటే ఉమారాణిని అడిగేవాడు. సత్తవ్వకు ఒక్కటే కావాలి ఇప్పుడు. ఆ బిళ్ల దొరకాలి. అది మెడలో పడితే చాలు, ఈ చూపు పోతుంది. రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, ఆటో చప్పుడైతే చాలు, చీపురు పట్టుకుని నిలబడిపోయేది.

ఒకనాడు ఆటో వాళ్ల వాకిట్లోనే ఆగింది. ప్రేమ్‌సాగర్ మొదటి షిఫ్టులో ఉన్నాడు. జైనూర్ వైపు నుంచి వచ్చానని, పేరు హనుమండ్లు అని చెప్పి ఒక మనిషి దిగి, జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. లోపల వెండి బిళ్ల. సత్తవ్వ అందుకుంది. బొటనవేలు అంచు మీదికి పోయింది. నునుపు.

"గిది మాది గాదు బిడ్డా."

"మీది గాదవ్వా, మాదే" అన్నాడతను సిగ్గుపడుతూ. "మా నాయినమ్మ మెడలది. ఆమె వోయినంక ఎవలు ఏసుకోలే. నా పెండ్లాం ముట్టదు. ఇంట్ల ఉంచుకుంటె బయం, నీళ్లల్ల ఇడుద్దామంటె మనసొప్పది. మీ వీడియో జూసిన. మీరైతె మంచిగ జూస్కుంటరనిపించింది. ఉంచుకోండ్రి."

ఉమారాణి లోపలి నుంచి అంది. "మా ఇల్లేమన్న సవితుల హాస్టలా అన్నా? ఒక్కామెతోనే సస్తున్నం ఈడ."

సత్తవ్వ ఆ బిళ్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. మరొక బిళ్లను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అదే బాసిపట్టు. అదే కొంగు. అదే ముక్కు. సారయ్య తాగి అన్న మాట అక్షరాలా నిజం. ప్రేమ్‌సాగర్ షిఫ్టు నుంచి వచ్చి దీన్ని చూస్తే? ఆమె గబగబా రుమాలు ముడివేసి ఇచ్చేసింది. చాయ పెట్టి ఇచ్చి, "బయమెందుకు బిడ్డా? పండుగకింత పసుపు కుంకుమ వెట్టు. గంతకన్న ఎక్కువ ఏమడుగది" అని పంపించింది.

* * *

ఆ తర్వాత కొన్ని వారాలకు దొంగలు దొరికారు. పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ప్రేమ్‌సాగర్ ఆటోలో దారి పొడుగునా సత్తవ్వ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎన్నేళ్లయిందో అతను అలా పట్టుకుని.

బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద వస్తువులు పోశారు. పట్టగొలుసులు, కుంకుమ భరిణలు, దేవుళ్ల కిరీటాలు. ఉమారాణి గాజులున్నాయి, హారం లేదు. ఒక మూలన వెండి బిళ్లలు, నాలుగైదు. ప్రజల సహకారంతో దొంగల ముఠా పట్టివేత అని చెప్పడానికి గోపాల్‌ను రానిచ్చారు. అతను అప్పటికే ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

ప్రేమ్‌సాగర్ వెతకలేదు. వాటిలో తళతళ మెరిసేదాన్ని, ముఖం స్పష్టంగా ఉన్నదాన్ని చటుక్కున తీసి కళ్లకద్దుకున్నాడు. "ఇగో, ఇగో మా అవ్వ! చెప్పిన గదా, మొకం జూస్తె చాలని!" పెద్దగా ఏడ్చేశాడు. కానిస్టేబుల్ ఒకతను ముఖం తిప్పుకున్నాడు. ఉమారాణి కూడా కళ్లు తుడుచుకుంది.

సత్తవ్వ చెయ్యి మిగిలిన బిళ్లల మీద తిరుగుతోంది. ఒక్కొక్క అంచూ తడిమింది. అన్నీ నునుపే.

"కొడుకా, జర ఆగు."

గోడవార బెంచీ మీద కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది. హుజూరాబాద్ మనిషి, పేరు శంకరవ్వ. వాళ్లింట్లో కూడా ఆ దొంగలే పడ్డారు. ప్రేమ్‌సాగర్ వీడియో చూసి, మనవి కూడా ఇక్కడికే చేరాయేమోనని బస్సెక్కి వచ్చింది. "నీ చేతుల ఉన్నది మా అక్క. కొక్కెం జూడు, రాగితీగ సుట్టున్నది. తెగితె మా ఆయన సుట్టిండు."

"రాగితీగ ఎవలన్న సుట్టుకుంటరు. మా అవ్వ మొకం నాకు తెల్వదా?"

"మొకం అందరికి గదే ఉంటది కొడుకా. అచ్చు ఒక్కటే. ఇగో, గీటిని జూడు, గీటిని జూడు."

"ఏం మాట్లాడుతున్నవే ముసల్దానా? మా అవ్వకు అందరి మొకమా?"

శంకరవ్వ చెయ్యి చాచి అలాగే నిలబడింది. ఆమె మెడ మీద, దారం ఉండే చోట, చర్మం తెల్లగా గీతలా ఉంది. తన మెడ మీద కూడా అలాంటి గీతే ఉందని సత్తవ్వకు తెలుసు. రోజూ స్నానం చేసేటప్పుడు చేతికి తగులుతూనే ఉంది.

ఎస్సై కుర్రవాడు. విసుగు కనిపించనీయకుండా అడిగాడు. "పెద్దమ్మా, మెడలో వేసుకున్నది మీరు కదా. మీరు చెప్పండి. ఇది మీదేనా?"

అవునంటే అయిపోతుంది. ఈ పూటే నల్లదారం గుచ్చుకోవచ్చు. ఆటోలో పట్టుకున్న చెయ్యి మళ్లీ పట్టుకుంటాడు. రాసినవాళ్ల నోళ్లు మూతపడతాయి. రాజవ్వ ముఖం ఎలాగూ ఇది కాదు. ఏ బిళ్ల అయితేనేం, వాడి తృప్తి వాడిది. కానీ రేపు అన్నం కలిపి, ఎవరికి చూపించి తినాలి? ఈ శంకరవ్వ ఎవరికి చూపించి తింటుంది?

"గిది మా అక్క గాదు సారూ."

"చిన్నవ్వా!"

"గాదు బిడ్డా. మా అక్క ముక్కు అరిగిపోయింది. గీమె ముక్కు జూడు, నిన్న గొట్టినట్టున్నది. అక్క బిళ్లకు కింద అంచుకు రెండు గాట్లుంటయి. నీయే అవి. పండ్లొచ్చేటప్పుడు నా ఒళ్లె కూసోని కొరికినవ్."

ఎస్సై అడిగాడు. "ఇంత గుర్తు ఉంటే ఆ వీడియోలోనే ఎందుకు చెప్పలేదమ్మా?"

సత్తవ్వ కొడుకు వైపు చూసింది. అతను ఆ రోజు వాకిట్లో ఆమె మాటకు అడ్డం వచ్చిన సంగతి అతనికి గుర్తుందో లేదో. ఉంటే ఇప్పుడు చెబుతాడని ఒక్క క్షణం ఆగింది. అతను చెప్పలేదు. గోపాల్ కూడా చెప్పలేదు. అతని ఫోను ఆమె ముఖం మీదే ఉంది. అంతమందిలో వాణ్ని తప్పు పట్టడం ఆమెకు చేతకాలేదు.

"యాదికి రాలే సారూ" అంది.

ప్రేమ్‌సాగర్ నవ్వాడు. "యాదికెట్లొస్తది? అప్పుడు లేకుండె గదా గీ కత, ఇప్పుడు కట్టింది. సార్, ఈమెకు మా అవ్వ దొరుకుడు ఇష్టం లేదు. లోకమంత రాస్తె నేనే నమ్మలే. నలభై ఏండ్లు మెడల గుదిబండ అనుకున్నదేమో, ఇయ్యాల దింపుకున్నది."

బిళ్లను బల్ల మీద పడేసి బయటికి పోయాడు. అది పేపరు మీద ఒకసారి దొర్లి, బోర్లా పడింది.

"దొరికినవి ఇవే పెద్దమ్మా. మిగతావి అప్పుడే కరిగించేశారు" అన్నాడు ఎస్సై. ఈసారి అతని గొంతులో విసుగు లేదు.

శంకరవ్వ బిళ్లను తీసి, కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుంది. మెట్ల దగ్గర సత్తవ్వ చెయ్యి పట్టుకుంది. "చెల్లె, నావల్ల నీ ఇంట్ల లొల్లి అయితది. ఒక్కసారి పట్టుకుంటవా గీమెను? మనసు నిమ్మలమైతది."

"వద్దక్కా. నీ అక్క నీకే ఉండనియ్యి. జల్ది వో, బస్సు దొరకది."

ఇంటికి పోయే ఆటోలో ప్రేమ్‌సాగర్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఉమారాణి అత్త వైపు వంగి అంది. "ఒక్క అవునంటె ఏం వోతుండె అత్తమ్మా?"

"ఆమెది వోతుండె."

"ఆమె మనకేమైతది?"

సత్తవ్వ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

మర్నాటికి గోపాల్ కొత్త వీడియో పెట్టాడు. 'కన్నతల్లి గుర్తును కాదన్న సవతి తల్లి' అని దానికి పేరు. జానకీబాయి వీధి మలుపులో అతని బండి ఆపి తిట్టింది. "లాజ్, సిగ్గు లేదారా నీకు? గామె చేతి గట్క తిని పెరిగినవ్ చిన్నప్పుడు." గోపాల్ తల గోక్కున్నాడు. "ఏం జేయాలె బాయీ? గట్ల వెడితెనే జూస్తరు." ఆ వీడియోను మొదటిదానికన్నా ఎక్కువమంది చూశారు.

* * *

ప్రేమ్‌సాగర్ కరీంనగర్ పోయి కొత్త బిళ్ల కొట్టించుకొచ్చాడు. అవ్వ ముఖం ఎలా ఉండేదో కంసాలికి వివరంగా చెప్పానన్నాడు. సరిగ్గా అలాగే వచ్చిందని మురిసిపోయాడు. అద్దాల చట్రంలో పెట్టి, గూటిలో చిన్న ఎర్రబల్బు వెలిగించాడు. సత్తవ్వ నల్లదారం పేనుకుని ఉంచుకుంది. అతను దాన్ని చూసి, కోపంగా కాదు, మెత్తగానే అన్నాడు. "ఇగ నీ మెడకు బరువెందుకు చిన్నవ్వా? నువ్వు రందివెట్టుకోకు. ఆమె గూట్లనే ఉంటది."

తిట్టినా ఇంతకన్నా నయమే అనిపించింది ఆమెకు.

ఇప్పటికీ ఎవరో ఒకరు, మొదటి వీడియో ఆలస్యంగా చూసినవాళ్లు, ఫోను చేసి అడుగుతుంటారు. దొరికిందా అని. "ఆఁ, దొరికింది దొరికింది" అంటుంది ఉమారాణి. వచ్చినవాళ్లకు గూటి తలుపు తీసి చూపిస్తుంది. సక్కని మొకం అని వాళ్లు దండం పెట్టుకుని పోతారు. సత్తవ్వ కాదనదు. ఒకసారి కాదన్నది చాలు. కరిగిన వెండి ఎక్కడుందో ఏమో. ఏ పసిపిల్ల కాళ్లకో పట్టగొలుసులై గల్లుగల్లుమంటూ ఉండొచ్చు. అన్నం కలిపినప్పుడు ఎడమచెయ్యి ఇంకా మెడ దాకా పోతుంది. అక్కడేమీ ఉండదు. చెయ్యి కాసేపు ఉత్తగా నిలబడి తిరిగొస్తుంది.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు అన్నం పెట్టే రోజు. ఏది ఎలా చేయాలో ఉమారాణికి తెలియదు. చేయక తప్పదు కనుక అత్తను పిలిచింది. సత్తవ్వ స్నానం చేసి వంట చేసింది. గూటి ముందు కొత్త చీర పెట్టింది, విస్తరి వేసి వడ్డించింది, కొబ్బరికాయ కొట్టింది. ప్రేమ్‌సాగర్ అద్దాల చట్రం ముందు సాగిలపడి మొక్కాడు. చాలాసేపు లేవలేదు. పైనుంచి ఆ గుండ్రటి ముఖం, అరగని ముక్కుతో, ఎవరి వైపూ చూడకుండా చూస్తోంది.

అందరూ తిన్నాక సత్తవ్వ ఒక మోదుగాకులో ఇంత అన్నం, ఇంత పప్పు, ఒక గారె పెట్టుకుని పెరట్లోకి నడిచింది. ప్రహరీ గోడ మీద ఆకు పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పింది. పెదవులు 'అక్కా' అని కదిలాయి. చెయ్యి కడుక్కోవడానికి వెనక వాకిట్లోకి వచ్చిన ప్రేమ్‌సాగర్ అది చూశాడు.

"ఇంట్ల వెట్టినం గదా. మల్ల అదెవలకు చిన్నవ్వా?"

సత్తవ్వ వెనక్కి తిరగలేదు.

"ఎవలకు లేదు" అంది. "కాకికి."